బల్ల దగ్గర చోటు: గేల్ ఊరి చరిత్ర మనల్ని అడిగే ప్రశ్నలు

పిచ్చివాడికి అన్నం పెట్టడం వేరు, పిచ్చివాడి పక్కన కూర్చుని అన్నం తినడం వేరు. మొదటిది దయ. రెండోది సంబంధం. దయకు మన దేశంలో ఏనాడూ కొదవ లేదు. సత్రాలున్నాయి, అన్నదానాలున్నాయి. గుడి ముందు, దర్గా ముందు, చర్చి ముందు కూర్చున్న దిక్కులేని వాళ్ళకు ఎవరో ఒకరు ఇంత ముద్ద వేస్తూనే ఉన్నారు. పక్కన కూర్చోబెట్టుకోవడం అనే మాట వచ్చేసరికి మాత్రం మన చరిత్ర అంతా అక్కడే ఆగిపోతుంది. ఈ తేడా దళితులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పెరటి గుమ్మం దగ్గర దూరంగా కూర్చోబెట్టి పైనుంచి పోసిన గంజి తాగిన వాళ్ళ మనవలం, మనవరాళ్ళం మనం.

అందుకే బెల్జియం దేశంలోని ఒక చిన్న ఊరి చరిత్రను ఇక్కడ చర్చకు పెడుతున్నాం. ఆ ఊరి పేరు గేల్. ఆంట్వెర్ప్ నగరానికి తూర్పున, కెంపెన్ అనే ఇసుక నేలల ప్రాంతంలో ఉంది. మతిస్థిమితం తప్పిన పరాయివాళ్ళను తమ ఇళ్ళల్లో పెట్టుకుని, తమ భోజనాల బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుని, ఏళ్ళకు ఏళ్ళు సాకిన కథోలిక రైతుల ఊరు అది. మధ్యయుగాల్లో మొదలైన ఈ ఆచారం రూపం మార్చుకుంటూ ఈనాటికీ నిలిచి ఉంది. దీని గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది దీన్నొక దయ కథగా, పునీతురాలి మహిమగా రాశారు. మేము దీన్ని వేరే వైపు నుంచి చూడదలిచాం. గేల్‌ను నిలబెట్టింది ఒక్క దయ కాదు. శ్రమ, చెల్లింపు, నియమం, పర్యవేక్షణ, వీటన్నిటి మధ్యా ఒక భోజనాల బల్ల. ఈ సంగతి అర్థం చేసుకోకుండా సమాజమే చూసుకోవాలి అని ఎంత గొంతు చించుకున్నా మన దగ్గర దాని బరువు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో మనకు తెలుసు.

1. రాజుకు పిచ్చి, కూతురికి చావు

గేల్ కథ డింఫ్నా అనే పునీతురాలితో మొదలవుతుంది. ఆమె 7వ శతాబ్దంలో ఐర్లండ్ రాజు కూతురని ఐతిహ్యం. భార్య చనిపోయిన దుఃఖంతో రాజుకు మతి చెడింది. చనిపోయిన భార్య పోలికలు కూతురిలో కనపడి, ఆమెనే పెళ్ళాడతానని వెంటపడ్డాడు. ఆ పిల్ల జెరెబెర్నస్ అనే గురువుతో కలిసి సముద్రం దాటి గేల్ చేరింది. రాజు వెతుక్కుంటూ వచ్చాడు. గురువును చంపించాడు. కూతురి తల తానే నరికాడు. ఆ తర్వాత ఆమె సమాధి దగ్గర పిచ్చివాళ్ళకు నయమవుతున్నదని పేరు పడింది.

ఇది చరిత్ర కాదు, ఐతిహ్యమే. 13వ శతాబ్దం మధ్యలో కాంబ్రై నగరానికి చెందిన పియెర్ అనే మతాధికారి జనం నోట విన్నదాన్ని లాటిన్‌లో రాసిపెట్టాడు. అయినా ఐతిహ్యాన్ని కొట్టిపారేయడం చరిత్రకారుల పని కాదు. మన ఊళ్ళల్లో పేరంటాళ్ళ కథలు, దేవతలైన ఆడపిల్లల కథలు మనకు తెలియనివా? చంపినవాడు పెద్దింటివాడు, చచ్చింది ఆడపిల్ల, తర్వాత మొక్కింది ఊరు. ఇక్కడా అంతే. పిచ్చి పట్టింది రాజుకు, తల తెగింది కూతురికి. అయితే ఈ కథలో ఇంకో మాట కూడా ఉంది. పిచ్చి పేదవాడి పాపఫలం కాదు, రాజుకు కూడా వస్తుంది. జనం ఆ కథను పట్టుకుని ఉండడంలో ఈ సంగతికీ పాలు ఉండి ఉండాలి.

2. గుడి గది నుంచి రైతు ఇంటికి

డింఫ్నా పేరున పెద్ద గుడి కట్టడం 14వ శతాబ్దం మధ్యలో మొదలై 16వ శతాబ్దంలో పూర్తయింది. దూరప్రాంతాల నుంచి మతి చెడినవాళ్ళను తీసుకుని బంధువులు వచ్చేవాళ్ళు. గుడికి ఆనుకుని రోగుల గది ఒకటి ఉండేది. అందులో తొమ్మిది రోజులు ఉంచి నవదిన ప్రార్థనలు చేయించేవాళ్ళు. పునీతురాలి అవశేషాలు ఎత్తుగా పెట్టిన చోట కింద నుంచి రోగి పాకుతూ వెళ్ళాలి. గొడవ చేసేవాళ్ళను కట్టేసేవాళ్ళు కూడా. గుణదల కొండ దగ్గర, వేలాంగణ్ణి దగ్గర మొక్కుబళ్ళు చూసినవాళ్ళకు ఇదంతా కొత్తగా ఏమీ అనిపించదు.

కొత్తగా ఉండేది తొమ్మిది రోజుల తర్వాత జరిగింది. నయం కానివాళ్ళు ఏం కావాలి? గదిలో చోటు చాలని వాళ్ళు ఎక్కడ ఉండాలి? మళ్ళీ నవదినాలు చేయించాలనుకునేవాళ్ళు అందాకా ఎక్కడ తినాలి? గుడి పెద్దలు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను అడిగారు. ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. కొన్ని రోజుల బస నెలలైంది, నెలలు సంవత్సరాలయ్యాయి. వచ్చిన మనిషిని వాళ్ళు రోగి అనలేదు. వాళ్ళ భాషలో కోస్ట్‌గాంగర్ అన్నారు. తిండికి డబ్బు కట్టి ఇంట్లో ఉండే మనిషి అని దాని అర్థం. ఈ మాటను మనం జాగ్రత్తగా గమనించాలి. రోగి అంటే జబ్బు గుర్తొస్తుంది. బోర్డరు అంటే ఇల్లు, తిండి గుర్తొస్తాయి. పేరు పెట్టడంలోనే మనిషిని ఎక్కడ కూర్చోబెడతామన్నది తేలిపోతుంది. వాడ పేరుతో, కులం పేరుతో పిలిపించుకున్న మనకు పేరు విలువ తెలుసు.

3. దయ ఎంత, శ్రమ ఎంత

గేల్ రైతులు మనకంటే మంచివాళ్ళా? ఈ ప్రశ్నతో చరిత్ర రాస్తే సుభాషితాలు రాసుకోవాల్సిందే. కెంపెన్ నేల పేదది. ఇసుక, గడ్డి దుబ్బులు, తక్కువ పంట. అట్లాంటి చోట ఇంటికి ఇంకో జత చేతులు వచ్చినా, బోర్డరు పేరున నాలుగు డబ్బులు వచ్చినా ఆ ఇంటికి ఆసరాయే. కలిగిన కుటుంబాలు తమవాళ్ళ ఖర్చు తామే కట్టేవి. పేదవాళ్ళ విషయంలో వాళ్ళ సొంత ఊళ్ళ పేదల నిధులు కట్టేవి. ఆ ప్రాంతపు విచారణల్లో పేదలకు సాయం చేసే నిధికి పరిశుద్ధాత్మ బల్ల అని పేరు. ఆదివారం బల్ల వేసి రొట్టె పంచడం నుంచి వచ్చిన పేరు అది.

బోర్డర్లు పని చేసేవాళ్ళు. పశువులను కాశారు, పొలంలో దిగారు, పిల్లలను ఆడించారు, ఆడవాళ్ళు కుట్టుపని, ఇంటిపని చేశారు. పని చేసే చోట మనిషికి గౌరవం వస్తుందన్నది నిజమే. పనికి కూలి లేని చోట గౌరవం ఎక్కడ ముగుస్తుందో, దోపిడి ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టమన్నది కూడా అంతే నిజం. జీతగాళ్ళ బతుకులు చూసినవాళ్ళు ఈ మాట తీసిపారేయలేరు. కలిగినవాళ్ళ బోర్డర్లు ఊరి నడిమధ్య మంచి ఇళ్ళల్లో, పేద బోర్డర్లు శివారు రైతుల ఇళ్ళల్లో ఉండడం 19వ శతాబ్దపు గేల్‌లో మామూలే. పిచ్చిలో కూడా వర్గం పోలేదు.

గొలుసులు కూడా లేకపోలేదు. ప్రమాదకరం అనుకున్న బోర్డరు కాళ్ళూ చేతులూ కట్టి ఉంచాలని, అతని వల్ల నష్టం జరిగితే ఇంటాయనే జవాబుదారీ అని ఊరి అధికారులు 17, 18 శతాబ్దాల్లో ఉత్తర్వులిచ్చారు. కాబట్టి గేల్ స్వర్గం కాదు. స్వర్గం అని రాసినవాళ్ళు మనకు సాయం చేయరు. ఎందుకంటే స్వర్గాన్ని చూసి ఎవరూ నేర్చుకోలేరు. తప్పులున్న మనుషుల ఊరు కాబట్టే గేల్ నుంచి నేర్చుకునేది ఉంది.

4. గుడి మూతపడ్డా బల్ల మూతపడలేదు

18వ శతాబ్దం చివర ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని పట్టుకుని గుళ్ళను మూయించింది. డింఫ్నా గుడి కూడా మూతపడింది. నవదినాలు ఆగాయి. ఇళ్ళల్లో బోర్డర్లు మాత్రం ఉండిపోయారు. మా దృష్టిలో గేల్ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే. భక్తి మొదలుపెట్టిన పని అప్పటికే ఊరి అలవాటుగా మారిపోయింది. 1803లో బ్రస్సెల్స్ ప్రాంతపు ఫ్రెంచి అధికారి పొంతెకులాన్ నగరంలో దుర్భరమైన స్థితిలో బంధించి ఉన్న పిచ్చివాళ్ళను గేల్‌కు పంపించాడు. గుళ్ళను మూసిన రాజ్యమే గుడి పక్క ఇళ్ళను వెతుక్కుంటూ వచ్చింది.

1821లో ఫ్రాన్స్‌లో పేరుమోసిన మానసిక వైద్యుడు ఎస్కిరోల్ గేల్ వచ్చి చూశాడు. పిచ్చివాళ్ళు వీధుల్లో, పొలాల్లో స్వేచ్ఛగా తిరగడం చూసి ఆశ్చర్యపోయాడు. వైద్యం లేకపోవడాన్ని, కట్టివేతలను తప్పుపట్టాడు. ఆ తర్వాత యూరప్ వైద్యుల్లో పెద్ద వాదమే నడిచింది. పెద్ద గోడలు, డాక్టరు పెత్తనం, వార్డుల క్రమశిక్షణ కావాలన్నవాళ్ళు ఒకవైపు. చదువు రాని రైతులు ఇంత పని ఎట్లా చేస్తున్నారని అడిగినవాళ్ళు ఇంకోవైపు. చదువులేనివాళ్ళ జ్ఞానాన్ని జ్ఞానంగా ఒప్పుకోవడానికి చదువుకున్నవాళ్ళు ఎంత ఇబ్బంది పడతారో ఈ వాదంలో చూడొచ్చు. చర్మశుద్ధి తెలిసిన మాదిగ జ్ఞానాన్ని, నేత తెలిసిన మాల జ్ఞానాన్ని విజ్ఞానమని ఒప్పుకోని మన విశ్వవిద్యాలయాల్లో కూడా ఇదే ఇబ్బంది.

1850లో బెల్జియం మతిస్థిమితం లేనివాళ్ళ కోసం చట్టం చేసింది. గేల్ ప్రభుత్వ అజమాయిషీ కిందికి వచ్చింది. డాక్టర్లు, తనిఖీదార్లు వచ్చారు. ఇంటికి ఇద్దరికి మించి బోర్డర్లు ఉండకూడదు. ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఒకే ఇంట్లో పెట్టకూడదు. హింసకు దిగేవాళ్ళను, ఇళ్ళు తగలబెట్టే స్వభావం ఉన్నవాళ్ళను ఇళ్ళకు పంపకూడదు. సంకెళ్ళు క్రమంగా పోయాయి. 1862లో చిన్న ఆసుపత్రి కట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళను అక్కడ కొన్నాళ్ళు చూసి ఇంటికి పంపేవాళ్ళు, ఇంట్లో జబ్బు ముదిరితే మళ్ళీ అక్కడికే తెచ్చేవాళ్ళు. అంటే ఇంటి వెనక ఆసుపత్రి నిలబడింది. ఇంటిని ఒంటరిగా వదిలేయలేదు.

గేల్ పేరు దూరం పాకింది. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోను 1880లో అతని తండ్రి గేల్ పంపాలని చూశాడు. ఆ తండ్రి కథోలికుడు కాదు, ప్రొటెస్టెంట్ పాస్టరు. 1884లో బెల్జియంలోనే లియెర్నెలో, 1892లో ఫ్రాన్స్‌లో దన్ సుర్ ఓరాన్‌లో ఇట్లాంటి ఊళ్ళు ఏర్పడ్డాయి.

5. 1938, 1940

గేల్‌లో బోర్డర్ల సంఖ్య అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది 1938లో. ఆ ఏడు అక్కడి ఇళ్ళల్లో 3,736 మంది ఉన్నారు. ఈ అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. పక్క దేశం జర్మనీలో నాజీ ప్రభుత్వం 1940 జనవరి నుంచి 1941 ఆగస్టు లోపల మానసిక రోగులను, వికలాంగులను 70,000 మందిని విషవాయువు పెట్టి చంపింది. తిండి దండగ మనుషులు అని వాళ్ళకు పేరు పెట్టింది. డాక్టర్లే ఫారాలు నింపారు, డాక్టర్లే సంతకాలు పెట్టారు. మ్యూన్‌స్టర్ పీఠాధిపతి ఫాన్ గాలెన్ 1941 ఆగస్టు 3న ప్రసంగ వేదిక మీద నుంచి దీన్ని హత్య అని బాహాటంగా ఖండించాడు. ఆ నెలలోనే విషవాయువు కార్యక్రమాన్ని ఆపమని ఆదేశం వచ్చినా, మందులతో, ఆకలితో చంపడం యుద్ధం ముగిసేదాకా సాగింది.

ఒకచోట తిండికి డబ్బు కట్టి ఉండే మనిషి. ఇంకోచోట తిండి దండగ మనిషి. రెండు ఊళ్ళ మధ్య దూరం కొన్ని వందల కిలోమీటర్లు. విజ్ఞానం, ఆసుపత్రులు, చదువు జర్మనీలోనే ఎక్కువ. కొందరి పుట్టుక తక్కువ అనే సిద్ధాంతం ఒకసారి రాజ్యం చేతికి వస్తే విజ్ఞానం దానికి చాకిరీ చేస్తుంది. పుట్టుకను బట్టి విలువ కట్టే సమాజంలో బతుకుతున్న మనం ఈ పాఠం మరవకూడదు.

6. బల్ల దాకా వచ్చింది, పెళ్ళి దాకా రాలేదు

1960ల తర్వాత గేల్ మీద కొలంబియా విశ్వవిద్యాలయం, లూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పని చేశారు. వాళ్ళలో మానవశాస్త్రవేత్త యూజీన్ రోసెన్స్ రాసిన పుస్తకం 1979లో వచ్చింది. ఊరు బోర్డర్లను వీధిలో, హోటల్లో, పండగలో మామూలుగా కలుపుకుంటుందని, అయితే బోర్డరుకూ ఊరి మనిషికీ మధ్య చెప్పకుండానే అందరికీ తెలిసిన గీతలు కొన్ని ఉంటాయని ఆ అధ్యయనం చూపింది. ముఖ్యంగా ప్రేమ, పెళ్ళి దగ్గర. బోర్డరు ఇంటిమనిషే, కానీ ఇంటి అల్లుడు కాలేడు.

డాక్టర్ అంబేద్కర్ 1936 నాటి కులనిర్మూలనలో సహపంక్తి భోజనాలు చాలవని, రక్తం కలవనిదే పరాయితనం పోదని వాదించారు. గేల్ చరిత్ర ఆ వాదనకు ఇంకో ఖండం నుంచి వచ్చిన సాక్ష్యంలా ఉంది. అట్లాగని గేల్ సాధించింది తక్కువ కాదు. పరాయివాడిని, అందునా పిచ్చివాడిని, తరతరాలుగా బల్ల దగ్గరికి తెచ్చిన ఊరు అది. తాత సాకిన బోర్డరును కొడుకు, కొడుకు తర్వాత మనవడు సాకిన ఇళ్ళున్నాయి. మనం ఆ బల్ల దాకా కూడా రాలేదు కదా!

యుద్ధం తర్వాత గేల్‌లో బోర్డర్లు తగ్గుతూ వచ్చారు. యంత్రాలొచ్చి పొలం పని పోయింది. మందులొచ్చాయి. కుటుంబాలు చిన్నవయ్యాయి. అన్నిటికన్నా పెద్ద కారణం ఆడవాళ్ళు బయట ఉద్యోగాలకు వెళ్ళడం. ఈ ఒక్క సంగతి చాలు, అన్ని శతాబ్దాలూ దయ అని పిలిచిన దాంట్లో ఎక్కువ భాగం ఇంటి ఇల్లాలి చాకిరీ అని చెప్పడానికి. వేలల్లో ఉన్న బోర్డర్లు 21వ శతాబ్దానికి వందల్లోకి వచ్చారు. 2023లో యునెస్కో ఈ ఆచారాన్ని కాపాడుకునే పద్ధతిని మేలైన పద్ధతుల పట్టికలో చేర్చింది. గౌరవం వచ్చింది, ఇళ్ళు తగ్గాయి.

7. మన ఇళ్ళల్లో ఎవరి ఇల్లు?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చినవాళ్ళను ఉంచే ఒక ప్రైవేటు పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో మంచాలకు కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. వాళ్ళు కూడా గేల్ వచ్చినవాళ్ళలాగే మొక్కు కోసం వచ్చినవాళ్ళు. అక్కడా డబ్బు తీసుకుని తిండి పెట్టారు. తేడా ఎక్కడుంది? ఏర్వాడి పాకలో బోర్డరు కుటుంబంలో ఒకడు కాలేదు, గుంజకు కట్టిన సరుకయ్యాడు. వెనక పర్యవేక్షణ లేదు, తనిఖీ లేదు, ఆసుపత్రి లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మానసిక జబ్బు ఉన్న మనిషికి సమాజం మధ్య బతికే హక్కు ఉందని, ఇల్లు లేదనో ఇంటివాళ్ళు రానివ్వలేదనో ఆసుపత్రిలోనే పెట్టెయ్యకూడదని చెప్పింది. మంచిదే. కానీ మేము అడిగే ప్రశ్న ఇది. సమాజం మధ్య అంటే ఏ సమాజం? ఊరా, వాడా? దళితుడైన మానసిక రోగిని ఏ అగ్రకుల ఇల్లు బోర్డరుగా పెట్టుకుంటుంది? ఏ గ్లాసులో నీళ్ళిస్తుంది? బోర్డరు అగ్రకులం వాడైతే మాదిగ ఇంట్లో అన్నం తింటాడా? తినమని అతని బంధువులు అననిస్తారా? కులం ఉన్నచోట గేల్ సాధ్యం కావాలంటే ముందు కంచం దగ్గర తేల్చుకోవాలి. అది తేల్చకుండా ఆసుపత్రి తలుపులు తెరిస్తే జరిగేది ఒకటే. దళితవాడల్లో, కూలికి పోయి వచ్చిన తల్లి, చెల్లి, కోడలు, పైసా చెల్లింపు లేకుండా ఆ బరువు మోస్తారు. రాజ్యం దానికి సమాజ సంరక్షణ అని పేరు పెట్టి చేతులు దులుపుకుంటుంది.

కథోలిక సంఘాన్ని కూడా ఈ ప్రశ్న అడగాలి. తెలుగు నేల మీద కథోలికుల్లో ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళే. బళ్ళు, ఆసుపత్రులు, దిక్కులేనివాళ్ళ ఆశ్రమాలు ఈ సంఘం చాలా నడిపింది. మనలో చాలామందికి మొదటి పలక ఇచ్చింది కూడా మిషన్ బళ్ళే. ఆ మేలు కాదనలేం. అయినా సంఘంలో కులం ఉంది, అంటరానితనం ఉంది అని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్యే 2016 డిసెంబరులో తన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు, తొలి దళిత కార్డినల్. పై మెట్టు మీద ఒక మార్పు వచ్చింది. కింద, రెడ్డి కథోలికుల ఇంటి బల్ల దగ్గర, కమ్మ కథోలికుల ఇంటి బల్ల దగ్గర ఏం మారింది? బలిపీఠం ముందు ఒకే రొట్టె పంచుకునే విశ్వాసులు ఇంటికొచ్చాక వేర్వేరు కంచాలు తీస్తే, డింఫ్నా పేరున ఎన్ని నవదినాలు చేసినా గేల్ రాదు.

కాబట్టి ఉద్యమకారులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు మూడు డిమాండ్లను కలిపి అడగాలని మా అభిప్రాయం. ఇంట్లో మానసిక రోగిని సాకే మనిషికి, ముఖ్యంగా ఆడమనిషికి, ఆ పనికి ప్రభుత్వం డబ్బు కట్టాలి. ప్రతి మండలంలో ఆ ఇంటి వెనక నిలబడే డాక్టరు, నర్సు, నాలుగు పడకలు ఉండాలి. ఏ ఆశ్రమమైనా, ఏ మతం వాళ్ళదైనా, కులం చూసి పడక, కంచం వేరు చేస్తే దాని గుర్తింపు రద్దు కావాలి. మొదటి రెండూ గేల్ చరిత్ర చెప్పినవి. మూడోది గేల్‌కు అవసరం పడలేదు. మనకు పడింది.